పిట్ట పోయిన నాడు పొయ్యి వెలగదు

మా ఇంట్లో ఆ పూట వంట ఉంటుందా ఉండదా అన్నది కొన్ని నెలలపాటు పిట్టల చేతిలో ఉండేది. ఎగతాళికి చెప్పడం లేదు. పొద్దున్నే లేచి, పప్పు కడిగి, కుక్కరు గ్యాసు మీద పెడుతుంటే ముందు గదిలోంచి టప్పుమని చప్పుడు వచ్చేది. కింద మగ్గాలు అంత గోలగా కొట్టుకుంటున్నా ఆ చప్పుడు మాత్రం విడిగా వినిపించేది. వెంటనే మా అత్త కేక.

"ఓ పిల్లా! గ్యాస్ బంద్ జెయ్యి!"

నాకు నలభై దాటాయి. కాలేజీకి పోయే కూతురుంది. అయినా మా అత్తకు నేను పిల్లనే. సరే, దానికి నాకేం బాధ లేదు. కానీ సగం ఉడికిన పప్పును అలాగే మూతపెట్టి వదిలెయ్యమంటే ఒళ్లు మండదా?

మాది షోలాపూర్, అక్కల్‌కోట్ రోడ్డు పక్కన నీలం నగర్. తాతల కాలంలో తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లం. కింద మగ్గాలు, పైన సంసారం. మా వీధిలో చాలా ఇళ్లు ఇంతే. మా ఆయన మగ్గం నడపడు, కప్పుకునే చద్దర్లకు డిజైన్లు గీస్తాడు. గళ్ల కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో గడి రంగుతో నింపుకుంటూ పోతే నెమలో, తామరపువ్వో తయారవుతుంది. దాన్ని బట్టి మగ్గానికి చిల్లుల అట్టలు కొడతారు. ఇప్పుడు ఆ పనంతా కంప్యూటర్ చేస్తోంది కాబట్టి ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. చేతిలో పని తగ్గిన మగవాడు ఊరికే కూర్చుంటాడా? ఇంటి మీద పడ్డాడు.

ముందు గదికి వీధి వైపున్న గోడ తీయించి, ఈ మూల నుంచి ఆ మూల దాకా అద్దం పెట్టించాడు. మామూలు అద్దం కూడా కాదు. లోపలి నుంచి చూస్తే వీధంతా కనిపిస్తుంది, బయటి నుంచి చూస్తే మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. రోడ్డు మీద ఏదో కొత్త షోరూమ్‌కు చూశాడట, మనసు పారేసుకున్నాడు. నేను అప్పుడే అడిగాను, "దుకాణం పెడుతున్నమా, సంసారం జేస్తున్నమా?" అని. "నీకేం దెలుస్తదే, వెలుతురు ఎట్లొస్తదో సూడు" అన్నాడు. వెలుతురు వచ్చింది, ఆ మాట కాదనను. మా అత్త ఆ అద్దం పక్కనే చాప వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన మనిషి, పని మానేసినా వేళ్లు ఊరుకోవు. బియ్యంలో రాళ్లు ఏరుతూనో, దీపానికి వత్తులు చేస్తూనో వీధిని చూస్తూ కూర్చునేది.

మా ఇంటికి ఎదురుగా ఖాళీ ప్లాటు, అందులో పెద్ద వేపచెట్టు ఉన్నాయి. ఆ చెట్టు మొత్తం ఆకాశంతో సహా మా అద్దంలో కనిపించేది. కూరగాయల సంచి మోసుకొస్తూ ఒకసారి నేనే నిలబడి చూశాను, అబ్బ, ఎంత పచ్చగా ఉంది మా ఇల్లు అని. ఇక పిట్టకేం తెలుస్తుంది? ఇక్కడొక చెట్టు, అక్కడొక చెట్టు అనుకుని దీంట్లోంచి దాంట్లోకి ఎగిరేది.

మొదట చచ్చింది ఒక పిగిలిపిట్ట. తోక కింద ఎర్రగా ఉంటుందే, అది. మా అత్త మెట్లు దిగి వెళ్లి, దాన్ని అరచేతిలోకి తీసుకుని, నోట్లో నీటిచుక్క వేసింది. మెడ వాలిపోయింది. చద్దరు అంచుల్లో కత్తిరించి పారేసిన గుడ్డముక్క ఒకటి తెచ్చి, చుట్టి, వేపచెట్టు మొదట్లో పాతిపెట్టింది. అంతవరకు బాగానే ఉంది, నాకూ జాలేసింది. పైకొచ్చి తలమీద నీళ్లు పోసుకుని, తడి జుట్టుతో వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఇయ్యాల పొయ్యి ముట్టియ్యద్దు."

"ఎందుకత్తా?"

"జీవం పోయిన ఇంట్ల పొయ్యి ముట్టిస్తరా ఎవరన్న?"

మనిషి పోతే ముట్టించరు. శవం లేచి, స్నానాలయ్యేదాకా ఆ ఇంట్లో మంట ఉండదు, ఇరుగుపొరుగు వాళ్లే ఏదో ఒకటి వండి తెస్తారు. అది నాకూ తెలుసు. కానీ పిట్టకా!

"అది మనింటి పిట్ట గాదత్తా, యాడికెల్లో వచ్చింది."

"మన అద్దానికి తాకి సచ్చింది. మనింట్ల సచ్చినట్టే."

"ఇది పొయ్యి సుత గాదు, గ్యాసు."

"మంట మంటనే."

ఇక మాట్లాడడానికి ఏముంది? పొద్దుగూకి దేవుడి దగ్గర దీపం పెట్టేదాకా ఆమె నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మా ఆయన బయట వేడివేడి భజీలు తిని మూతి తుడుచుకుంటూ వచ్చాడు. నేనూ నా కూతురూ నిన్నటి రొట్టెలు వంటింటి తలుపు వెనక నిలబడి దొంగల్లాగా తిన్నాం.

ఒక్కసారితో పోతే బాగుండును. అద్దం ఉన్నంతకాలం పిట్టలు తగులుతూనే ఉంటాయి కదా! పిచ్చుకలు, గోరింకలు, ఒకసారి ఒక రామచిలుక. కొన్ని కాసేపు సొమ్మసిల్లి, లేచి, రెక్కలు దులుపుకుని పోయేవి. అప్పుడు నేను దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. పిట్ట కోసం కాదు, మా అత్త అన్నం కోసం. ఎందుకంటే ఆమెకు షుగర్ ఉంది. పొద్దున లేవగానే మాత్ర వేసుకుంటుంది. మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది, చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి. పోనీ ఆ పిట్టలన్నా మాత్రకు ముందు చస్తాయా? ఎప్పుడూ తర్వాతే.

"అరటిపండన్న తినరాదు అత్తా."

"మింగేది మింగేదే గదా."

"షర్బత్ కలిపి ఇయ్యాల్నా?"

"నన్ను సతాయించకు, పో."

"ఇంత పట్టు ఎందుకు పడుతున్నవ్? పిట్టకు నీకు ఏం చుట్టరికం?"

"అట్లనే."

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. డెబ్బై దాటిన మనిషి నోరు పట్టుకుని కుక్కలేను కదా! నా కోపమంతా ఆ అద్దం మీదికీ, దాన్ని పెట్టించిన మహానుభావుడి మీదికీ మళ్లింది. "గోడ కట్టియ్యి" అన్నాను. "అమ్మకు వెలుతురు పోతది" అన్నాడు. అమ్మకు వెలుతురు కావాలి సరే, అమ్మ బతికుండొద్దా? లోపల పరదాలు కట్టాను. పరదా వెనక చీకటయ్యేసరికి బయట అద్దం ఇంకా నిగనిగలాడింది. ఆ రోజే ఇంకో పిచ్చుక చచ్చింది. పరదాలు పీకి మూలకు విసిరికొట్టాను.

అప్పుడు నా కూతురు ఫోనులో ఏదో చూసి పట్టుకొచ్చింది. పిట్టలకు అద్దమన్నది కనిపించదట. అద్దం మీద చుక్కల ఫిల్మ్ అతికిస్తే అడ్డం ఉందని తెలిసి పక్కకు తిరుగుతాయట. చుక్కకూ చుక్కకూ మధ్య రెండు వేళ్ల సందు కంటే ఎక్కువ ఉండకూడదు, అద్దమంతా నిండాలి, బయటివైపే అతికించాలి. బొమ్మతో సహా తండ్రికి చూపించింది. ఆయన ఫోను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. వేపాకు నమిలినట్టు మొహం పెట్టాడు.

"ఇది డిజైనా? అద్దానికి అమ్మవారు పోసినట్టున్నది."

"పప్పా, ఇది మనకు గాదు, పిట్టలకు" అంది పిల్ల.

"ఎవలకైతేంది? ఊరంతటికి చద్దర్లు గీసిన. నా ఇంటికి నేను చుక్కలు పెట్టుకుంటనా? లోకం నవ్వదా?"

గళ్ల కాగితం బయటికొచ్చింది. తిండీ నిద్రా మరచిపోయి గీశాడు. చుట్టూ తీగల అంచు, నాలుగు మూలలా నాలుగు పువ్వులు, నడిమధ్య పురివిప్పిన నెమలి. బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి? చాలా రోజుల తర్వాత ఆయన ఈలవేస్తూ పనిచేయడం విన్నాను, నాక్కూడా ఒక పక్క సంతోషమే వేసింది. కానీ అంచుకూ నెమలికీ మధ్య బోలెడంత ఖాళీ ఉంది. చిలుకేమిటి, డేగ కూడా దూరిపోతుంది.

"ఇంత ఖాళీ ఎందుకయ్యా?" అని అడిగాను.

"దాన్ని జమీన్ అంటరు. జమీన్ ఖాళీ లేకపోతే నెమలి ఎట్ల లేస్తది?"

మోటార్ సైకిళ్లకు నంబర్లూ బొమ్మలూ కత్తిరించే రేడియం షాపు ఒకటి మా వీధి మలుపులో ఉంది. అక్కడ ఆ డిజైన్ మొత్తం తెల్లటి ఫిల్మ్‌లో కోయించి తెచ్చాడు. అతికించేటప్పుడు పిల్ల మళ్లీ గుర్తుచేసింది, బయటివైపు అతికించాలి పప్పా అని. ఆయన నవ్వాడు.

"పిచ్చిదానా! మన చద్దరుకు ముందు ఎనుక ఉంటదా? ఇటు సూస్తే ఎర్ర నెమలి, అటు సూస్తే తెల్ల నెమలి, రెండు దిక్కుల ఒక్కటే. యాడ అంటిస్తే ఏంది?"

మా షోలాపూర్ చద్దరు సంగతి అంతే, దానికి తిరగేసిన ముఖం లేదు. ఎటు పరిచినా డిజైన్ డిజైనే. పుట్టినప్పటి నుంచి అదే కప్పుకుని, అదే గీసి బతికిన మనిషికి, ఏ వస్తువుకైనా రెండు వైపులా ఒకటే అన్న నమ్మకం ఉండిపోయింది. పైగా లోపల అతికిస్తే ఎండకూ వానకూ పాడవదు, ఇంటికొచ్చినవాళ్లు కూర్చుని చూడొచ్చు. లోపలే అతికించాడు. వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించాడు. వాళ్లు వాహ్వా అన్నారు. వచ్చినవాళ్లందరికీ చాయ్ పెట్టింది మాత్రం నేను.

ఆ వారం దాటకముందే టప్పుమంది. ఒక గువ్వ. సరిగ్గా నెమలి పక్కన, ఆయన గారి జమీన్‌లో.

"పిల్లా, గ్యాస్!"

గరిటె చేతిలో ఉండగానే వీధిలోకి దిగాను. తలెత్తి చూశాను. నెమలి లేదు. అంచు లేదు, తీగ లేదు. వేపచెట్టు, మబ్బులు, కరెంటు తీగల మీద కాకులు, అంతే. ఆయన్ని కిందికి పిలిచాను.

"నీ నెమలి ఏదయ్యా?"

చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటు జరిగి చూశాడు, అటు జరిగి చూశాడు. "ఎండ తగ్గితే కనపడతది" అన్నాడు.

"అట్లనా? పిట్టలకు చెప్పు మరి, ఎండ తగ్గినంక రమ్మని!"

అన్న తర్వాత ఆయన మొహం చూస్తే పాపం అనిపించింది, కానీ ఆగలేకపోయాను. ఆ చుక్కలే తెచ్చి బయట అతికించమన్నాను. ఇప్పుడు ఆయన మొండికేశాడు. నెమలి తీసేస్తే వీధిలో వాళ్లు ఏమనుకుంటారు, పిట్టలే మెల్లగా అలవాటు పడతాయి, వానలు మొదలైతే ఇటు రావు, రోజుకో సాకు. అక్కడ తల్లి మొండిది, ఇక్కడ కొడుకు మొండివాడు, నడుమ నేను. ఒకరోజు అద్దం ముందు నిలబడి పప్పుగుత్తితో పగలగొట్టేద్దామా అని నిజంగా అనుకున్నాను.

చివరికి నేను భయపడ్డదే జరిగింది. ఒక పిచ్చుక పోయిన రోజు, మధ్యాహ్నం, నేను కింద నీళ్లు పట్టుకుని పైకొచ్చేసరికి మా అత్త చాప మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. రవిక చెమటతో తడిసిపోయింది. పిలిస్తే పలకలేదు, కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు. చక్కెర తెచ్చి చిగుళ్లకు రుద్దాను, ఏడుస్తూ తిట్టాను, తిడుతూ రుద్దాను. ఆటోలో వేసుకుని దవాఖానాకు పరుగెత్తాం. సెలైన్ ఎక్కాక సాయంత్రానికి మనిషి తేరుకుంది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మరాఠీలో, "ఆజీ, ఉపాశీ రాహూ నకా" అంది, ఖాళీ కడుపుతో ఉండొద్దని. మా అత్త "హో, హో" అని తలూపింది. బయటికొచ్చాక డాక్టరమ్మ మా ఆయనతో చెప్పింది, ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కదని. ఆయన చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

ఇంటికి తెచ్చి పడుకోబెడితే మా అత్త అడిగిన మొదటి మాట, "దీపం పెట్టినవా?"

నాకు ఎక్కడలేని ఏడుపు తన్నుకొచ్చింది. "పెట్టలే! నువ్వు పోతే నీ తలకాడ పెడుదమని ఆగిన!" అని అరిచి వంటింట్లోకి పోయాను. అనకూడని మాటే. అంత కోపం వచ్చింది మరి.

తెల్లారి మా ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా రేడియం షాపుకు వెళ్లాడు. షాపు తలుపు తెరిచేదాకా మెట్ల మీదే కూర్చున్నాడట. చుక్కలు కోసిన ఫిల్మ్ చుట్టలు చంకలో పెట్టుకుని వచ్చి, ముందు బ్లేడు తీసుకుని లోపలి నెమలిని గీకేశాడు. నేను సాయం పట్టబోతే వద్దన్నాడు. తర్వాత వీధిలో నిచ్చెన వేసుకుని పైకెక్కి బయటివైపు అతికించడం మొదలుపెట్టాడు. చుక్కల వరస వంకరపోకుండా నూలుపోగు లాగి కట్టుకున్నాడు. అద్దానికి ఓ చివరనున్న కిటికీ రెక్క పక్కకు జరిపి నేను లోపలి నుంచి చుట్టలు అందిస్తున్నాను. మా అత్త మాత్ర వేసుకుని, గోడకు ఆనుకుని, చాప మీద కూర్చుని చూస్తోంది. పొయ్యి మీద ఉప్మాకు నీళ్లు పెట్టాను.

సగం అద్దం పూర్తయింది. మిగిలిన సగానికి ఒక తేనెపిట్ట వచ్చి తగిలింది.

ఎంతుంటుంది అది, బొటనవేలంత. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. నిచ్చెన పక్కనుంచి కిందికి రాలి మట్టిలో పడింది, మళ్లీ కదల్లేదు. మా ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నేను మా అత్త వైపు చూడలేదు. వినపడలేదేమో, చూడలేదేమో అని ఆశ.

"పిల్లా" అంది మా అత్త నీరసంగా. "గ్యాస్ బంద్ జెయ్యి."

నేను చెయ్యనన్నాను. ఈ ఇంట్లో ఇవాళ పొయ్యి ఆరిందంటే నేను మా అన్న ఇంటికి పోతానన్నాను. ఆమె తనే గోడ పట్టుకుని లేవబోయింది. కాళ్లు నిలబడలేదు, మళ్లీ కూలబడింది. అప్పుడు నిచ్చెన మీది నుంచి మా ఆయన తల లోపలికి పెట్టి, చిన్నపిల్లాడిలా బతిమాలాడు.

"ఎందుకమ్మా ఇట్ల జేస్తున్నవ్? మమ్ములను సంపుతవా ఏంది? ఎందుకో ఒక్కసారన్న చెప్పు."

ఆమె చాప అంచు పీకింది. అట్లనే అంటుందనుకున్నాను.

"మీ నాయిన పోయిన్నాడు నేను పొయ్యి ముట్టిచ్చిన" అంది.

మా మామ పోయింది మా ఆయన పసివాడిగా ఉన్నప్పుడు. అప్పుడు వాళ్లు ఈ ఊళ్లోనే జోడ్‌భావి పేట్‌లో ఒంటి గది ఇంట్లో ఉండేవారు. అంతవరకే నాకు తెలుసు. మా ఆయనకూ అంతే తెలుసు.

"పొద్దుగాల పోయిండు. తెలంగాణకెల్లి మీ పెదనాయిన వచ్చేదాంక పీనుగను లేపద్దన్నరు. పక్కింటోళ్లు చాయ్ ఇచ్చిండ్రు, రొట్టె పొద్దుమీకి తెస్తమన్నరు. నువ్వు ఆగలే. ఆకలి ఆకలని ఒక్కటే ఏడ్సుడు. ఎంత ఊకుంచినా ఊకోలే. తలుపు దగ్గరికేసి పొయ్యి ముట్టిచ్చి రెండు రొట్టెలు కొట్టిన. మీ నాయిన ఆ పక్కన్నే పండుకొని ఉన్నడు."

మా ఆయన చేతిలో నూలుపోగు అలాగే ఉంది.

"చిన్నపోరనికి పెట్టుడు తప్పా అమ్మా?" అన్నాడు.

"నీకు పెట్టినందుకు గాదు బిడ్డా" అంది. "నువ్వు ఒక్కటే తిన్నవ్. ఇంకోటి వేడిగున్నది. నాకు సుత ఆకలైంది. నేను సుత తిన్న."

ఎన్నేళ్లు దాచుకుందో ఆ మాట! వంటింట్లో ఉప్మా నీళ్లు మరిగి మరిగి చిందుతున్నాయి. పోయి గ్యాసు ఆపేశాను. ఆమె ఆపమన్నది కదా, ఆపేశాను.

మా ఆయన నిచ్చెన దిగాడు. ముందు ఆ తేనెపిట్టను గుడ్డముక్కలో చుట్టి చెట్టు కింద పాతిపెట్టాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని పైకొచ్చి, తల్లి ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. జుట్టు సగం నెరిసిన మనిషి.

"అమ్మా, ఆకలైతున్నది" అన్నాడు.

ఆమె కొడుకును చూసింది. ఆయన ఊరికే అంటున్నాడని ఆమెకు తెలుసు. నిజంగానే అంటున్నాడని కూడా తెలిసినట్టుంది.

"పిట్ట పోయింది గదరా" అంది.

"పోయింది. నాకు ఆకలైతున్నది. రొట్టె జెయ్యి."

ఆమె చెయ్యి చాచింది. ఆయన లేపాడు. ఇద్దరూ మెల్లగా వంటింట్లోకి వెళ్లారు. సాయం చేయబోతే నన్ను మోచేత్తో పక్కకు తోసి, "జరుగు" అంది. లైటర్ తనే నొక్కింది. జొన్నపిండి తడిపి రెండు రొట్టెలు కొట్టింది. మంచి రొట్టెలేం కావు, ఒకటి అంచున చిరిగింది, ఒకటి మాడింది. ఒకటి కొడుకు ముందు పెట్టింది. రెండోది చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

"తిను అమ్మా" అన్నాడు మా ఆయన.

ఆమె తుంచి నోట్లో పెట్టుకునేదాకా ఆయన తన రొట్టె ముట్టలేదు.